హాట్ ప్లేట్ ఉన్న మాగ్నెటిక్ స్టిరర్: ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, నేను ఇస్తున్నది ఐదుకి నాలుగు. విడగొట్టి అడిగితే కలపడానికి ఐదు, వేడి చేయడానికి మూడు. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరహా చిన్న మెషిన్లు లోపల దాదాపు ఒకేలా ఉంటాయి, నేను చెప్పబోయే మంచీ చెడూ మీరు కొనబోయేదానికీ చాలావరకు వర్తిస్తాయి.

నేను కెమిస్ట్రీ టీచర్‌ని. పిల్లలకి ద్రావణాల పాఠం చెప్పేటప్పుడల్లా గాజు కడ్డీతో బీకరులో తిప్పుతూ మాట్లాడడం అలవాటు. కానీ చేత్తో తిప్పితే ఒక్కోసారి ఒక్కో వేగం, పాఠంలో పడిపోతే తిప్పడమే మర్చిపోతాం, రెండు బీకర్లు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే అసలు కుదరదు. అందుకని ఇంట్లో వాడుకోవడానికి సొంతంగా ఒకటి కొన్నాను. అప్పటినుంచి దీనిమీద చేయని పని లేదు, ఉప్పు, చక్కెర, పటిక, మైలుతుత్తం, గ్లిజరిన్, చివరికి ఉత్త నీళ్లు కూడా.

తెలియనివాళ్ల కోసం ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. పైన చదునైన ప్లేటు, దాని కింద మోటారుకి బిగించిన అయస్కాంతం. బీకరులో క్యాప్సూల్ లాంటి తెల్లటి ముక్క ఒకటి వేస్తాం, లోపల అయస్కాంతం, పైన టెఫ్లాన్ పూత, ల్యాబ్‌లో మేమందరం దాన్ని బీడ్ అనే అంటాం. కింద అయస్కాంతం తిరిగితే పైన బీడ్ కూడా దాని వెంటే తిరుగుతుంది. మూత తీయక్కర్లేదు, ద్రవంలోకి కడ్డీ దించక్కర్లేదు. ఆర్థర్ రోసింగర్ అనే ఆయనకి 1944లో అమెరికాలో దీనిమీద పేటెంట్ వచ్చింది, ఇన్నేళ్లయినా మూలసూత్రం అదే.

కొన్న మొదటి రోజు నేను చేసింది వేగం చూసుకోవడం. డిస్‌ప్లే మీద 300 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 300 చుట్లు, అని చూపిస్తే నిజంగా అంతే తిరుగుతోందా? బీడ్ ఒక చివర మార్కర్‌తో నల్లచుక్క పెట్టి, ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, చుక్క ఒక చుట్టు తిరిగి రావడానికి ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో లెక్కపెట్టాను. 300 అయితే 48 ఫ్రేములు పట్టాలి. నాకు 49, 50 వచ్చాయి, అంటే దాదాపు 290. ఈ సైజు మెషిన్‌కి ఇది చాలా మంచి ఫలితం. మీరు కొన్నాక ఈ పరీక్ష తప్పకుండా చేయండి, పది నిమిషాల పని.

ఇక అసలు విషయం, కరగడం.

పిల్లల్ని ఎవర్ని అడిగినా "కలిపితే ఎక్కువ కరుగుతుంది" అంటారు. పెద్దవాళ్లలో కూడా చాలామంది అదే అనుకుంటారు. కాదు. కలిపితే త్వరగా కరుగుతుంది, అంతే. ఎంత కరగాలో నిర్ణయించేది ఉష్ణోగ్రత, పదార్థం స్వభావం. పాఠ్యపుస్తకంలో ఈ వాక్యం ఉంటుంది, పిల్లలు పరీక్షలో రాస్తారు కూడా, కానీ నమ్మరు. నమ్మించడానికి ఈ మెషిన్ లాంటిది ఇంకొకటి లేదని నా గట్టి అభిప్రాయం.

నేను చేసేది ఇది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 40 గ్రాముల ఉప్పు వేసి స్టిరర్ మీద పెడతాను. మామూలు గది ఉష్ణోగ్రతలో 100 గ్రాముల నీళ్లు దాదాపు 36 గ్రాముల ఉప్పునే పట్టుకోగలవు. కొన్ని నిమిషాల్లోనే కరగాల్సింది కరిగిపోతుంది. ఆ తర్వాత వేగం 500 పెట్టండి, 1,200 పెట్టండి, గంటసేపు వదిలేయండి, ఆపగానే అడుగున తెల్లగా ఆ మిగిలిన ఉప్పు అలాగే కనిపిస్తుంది. పిల్లలు ఇంకా స్పీడు పెంచమంటారు, పెంచుతాను, మళ్లీ ఆపుతాను, మళ్లీ అంతే ఉప్పు. మూడోసారికి ఎవరూ అడగరు, అప్పటికి విషయం అర్థమైపోయి ఉంటుంది.

సరే, ఇప్పుడు వేడి చేద్దాం అంటారు. ఇక్కడ ఉప్పు ఇంకో పాఠం చెబుతుంది. మరిగే నీళ్లలో కూడా 100 గ్రాములకి దాదాపు 39 గ్రాములే కరుగుతుంది. అంటే వేడి చేసినా పెద్దగా తేడా లేదు, 40 గ్రాములూ అప్పటికీ కరగవు. అదే పొటాషియం నైట్రేట్ తీసుకుంటే 20 డిగ్రీల దగ్గర 32 గ్రాముల వరకు, 60 డిగ్రీలకి వెళ్లేసరికి దాదాపు 110 గ్రాములు. చక్కెర సంగతి చెప్పనే అక్కర్లేదు, 20 డిగ్రీల దగ్గరే 100 గ్రాముల నీళ్లలో 200 గ్రాములకు పైగా కరిగిపోతుంది. వేడి చేస్తే అన్నీ బాగా కరిగిపోతాయని ఒకే మాటలో చెప్పే అలవాటు నాకూ ఉండేది, ఈ రెండు బీకర్లు పక్కపక్కన పెట్టి చూపించడం మొదలుపెట్టాక మానేశాను.

మరి కలపడం చేస్తున్నదేమిటి? దీన్ని చూడాలంటే పొటాషియం పర్మాంగనేట్ స్ఫటికం ఒక్కటి చాలు. కదలకుండా ఉన్న నీళ్లలో వేస్తే అది కిందికి దిగుతూ వెనక సన్నటి ఊదారంగు దారం వదులుతుంది, అడుగున పడ్డాక దాని చుట్టూ చిక్కటి రంగు చేరి పలచటి దుప్పటిలా పరుచుకుంటుంది. పైనున్న నీళ్లు తేటగా అలాగే ఉంటాయి. నేను రాత్రి వేసి పొద్దున చూస్తే కింద ముదురు, పైకి వెళ్లేకొద్దీ లేత, ఇంకా పూర్తిగా కలవలేదు. అప్పుడు బీడ్‌ని 200 మీద తిప్పాను. అడుగునున్న రంగు ఒక్కసారి తాడులా మెలితిరిగి పైకి లేచి, ఐదారు సెకన్లలో బీకరంతా ఒకే రంగైపోయింది. రాత్రంతా జరగనిది ఆ కాసేపట్లో జరిగింది.

కారణం ఏమిటంటే, గింజకి ఆనుకుని ఉన్న సన్నటి నీటిపొర చూస్తుండగానే సంతృప్తమైపోతుంది, అంటే ఇంకేమీ కరిగించుకోలేని స్థితికి వస్తుంది. ఆ పొరలోంచి కరిగిన పదార్థం బయటికి పోతేగానీ గింజ నుంచి కొత్తది రాదు. దానంతట అది పోవడాన్నే వ్యాపనం అంటాం, అది చాలా నెమ్మది. చక్కెర అణువు నీళ్లలో కేవలం వ్యాపనంతో ఒక సెంటీమీటరు దూరం వెళ్లాలంటే లెక్కప్రకారం ఒక రోజుకు పైగానే పడుతుంది. మనం కలిపినప్పుడు ఆ పొర పలచబడుతుంది, చుట్టూ ఎప్పటికప్పుడు తక్కువ గాఢత ఉన్న నీళ్లు వచ్చి చేరతాయి. నోయెస్, విట్నీ అనే ఇద్దరు 1897లో దీనికి సూత్రం ఇచ్చారు, కరిగే వేగం అనేది ఇంకా ఎంత ఖాళీ మిగిలి ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుందని. గింజ చుట్టూ ఉండే పొర సంగతిని నెర్న్‌స్ట్ అనే రసాయన శాస్త్రవేత్త 1904లో ఇంకా వివరంగా చెప్పారు. మందులు తయారుచేసేచోట మాత్ర ఎంతసేపట్లో కరుగుతుందో చూసే పరీక్షల వెనక ఉన్నది ఈ ఆలోచనే, అందుకే అక్కడ తిప్పే వేగాన్ని అంత కచ్చితంగా పెడతారు.

అయితే వేగం పెంచుకుంటూ పోతే లాభం కూడా పెరుగుతూ పోతుందా? ఇది నాకు ముందు తెలియదు, మెషిన్ వచ్చాకే కొలిచాను. 300 మిల్లీలీటర్ల నీళ్లు, 100 గ్రాముల చక్కెర, గది ఉష్ణోగ్రత. 100 ఆర్‌పీఎం దగ్గర చక్కెర అడుగున కుప్పగా కూర్చుని ఉండిపోయింది, బీడ్ దాన్ని కాస్త గీకుతూ తిరిగింది, పూర్తిగా కరగడానికి 14 నిమిషాలు. 400 దగ్గర గింజలన్నీ పైకి లేచి నీళ్లలో తేలాయి, 4 నిమిషాలు. 700 దగ్గర రెండున్నర. 1,200 దగ్గర రెండు నిమిషాల పైచిలుకు, దానికితోడు నురగ. అంటే అసలైన మార్పు గింజలు అడుగునుంచి లేచే వేగం దగ్గర వస్తుంది. ఒక్కో గింజ చుట్టూ నీళ్లు తగలడం మొదలయ్యాక ఇంక ఎంత తిప్పినా వచ్చేది కొసరే. ఇదే చక్కెరని 400 దగ్గరే ఉంచి నీళ్లని 60 డిగ్రీలకి తెస్తే ఒక నిమిషం దాటి కాసేపు, అంతే. కాబట్టి మీకు తొందరగా కరగాలంటే నాబ్‌ని చివరికంటా తిప్పేయకండి, వేగం మధ్యలో ఉంచి కాస్త వేడి పెట్టండి.

వేగం ఎక్కువైతే ఇంకో ఇబ్బంది ఉంది. మధ్యలో సుడి పడుతుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, వీడియోలు తీసేవాళ్లందరికీ అదే కావాలి. కానీ సుడి లోతుగా దిగి బీడ్‌ని తాకిందంటే గాలి లోపలికి లాక్కుంటుంది, టకటకమని శబ్దం మొదలవుతుంది, నీళ్లు తెల్లబడతాయి. పైగా బీకరులో ఉన్న ద్రవమంతా ఒకే ముద్దలా గుండ్రంగా తిరుగుతుంటే అది కలవడం కాదు, పక్కపక్కన ఉన్న నీళ్లు పక్కపక్కనే ఉండి కలిసి తిరుగుతుంటాయి. ఫ్యాక్టరీల్లో పెద్ద ట్యాంకుల లోపలి గోడకి నాలుగు నిలువు పట్టీలు బిగించేది ఇందుకే, ట్యాంకు వ్యాసంలో సుమారు పదో వంతు వెడల్పున ఉంటాయి, ఆ తిరుగుడుని విరగ్గొట్టి పైకీ కిందకీ కదిలేలా చేస్తాయి. బీకరులో పట్టీలు పెట్టలేం కాబట్టి నేను బీకరుని ప్లేటు మధ్యలో కాకుండా కొద్దిగా పక్కకి జరుపుతాను. సుడి మధ్యనుంచి తప్పుకుంటుంది, లోతు తగ్గుతుంది, సిరా చుక్క వేసి చూస్తే ఇంకా తొందరగా కలుస్తుంది. మరీ జరిపితే బీడ్ పట్టుతప్పుతుంది, అది చూసుకోవాలి.

స్టిరర్ ఆపినప్పుడు ఒకసారి దగ్గరగా చూడండి. బీడ్ ఆగిపోతుంది గానీ నీళ్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, అప్పటిదాకా చెల్లాచెదురుగా ఉన్న గింజలన్నీ మెల్లగా అడుగున మధ్యలోకి, బీడ్ చుట్టూ వచ్చి చేరతాయి. తిరిగేదేదైనా బయటికి నెట్టేయాలి కదా, ఇవి మధ్యలోకి ఎందుకొస్తున్నాయి అని మా అమ్మాయి అడిగింది. ఇదే ప్రశ్న, కప్పులో టీ ఆకుల గురించి, 1926లో ఐన్‌స్టీన్ ఒక వ్యాసంలో వివరించారు, నదులు ఎందుకు వంకర్లు తిరుగుతాయో చెబుతూ. అడుగున రాపిడి వల్ల నీళ్లు నెమ్మదిస్తాయి, పైన నీళ్లు ఇంకా జోరుగా తిరుగుతూ బయటివైపు ఒత్తిడి పెంచుతాయి, అడుగున నెమ్మదించిన నీళ్లు ఆ ఒత్తిడికి నిలవలేక లోపలికి జరుగుతాయి, గింజల్ని కూడా వెంట తెస్తాయి. పాప ఆ తర్వాత అరగంటసేపు స్విచ్ వేసి ఆపుతూ చూస్తూనే ఉంది. నాకైతే ఆ అరగంట కోసమే ఈ మెషిన్ కొన్నా సరిపోయేది అనిపించింది.

ఇప్పుడు వేడి సంగతి, ఇక్కడే నాకు కంప్లయింట్లున్నాయి.

"అమ్మా, తిప్పితే నీళ్లు వేడెక్కుతాయా?" అని కూడా పాపే అడిగింది. వేడెక్కుతాయి, జూల్ అనే భౌతికశాస్త్రవేత్త 1840ల్లో చూపించింది అదే కదా, బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో తెడ్లు తిరిగేలా అమర్చి, ఆ నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచారు. ఒక కిలో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 4,186 జౌల్స్ శక్తి కావాలి, అదే శక్తితో ఒక కిలో బరువుని దాదాపు 427 మీటర్ల ఎత్తుకి ఎత్తొచ్చు. ఇంత ఎత్తు నుంచి బరువు దిగితే వచ్చేది ఒక్క డిగ్రీ. దాన్నిబట్టి చిన్న బీడ్ తిరిగితే వచ్చే వేడి ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

కానీ నా మెషిన్ మీద హీటర్ ఆపేసి 300 మిల్లీలీటర్ల నీళ్లు గంటసేపు 600 మీద తిప్పితే రెండు డిగ్రీలు పెరిగాయి. నాకు అనుమానం వచ్చింది. మర్నాడు అవే నీళ్లు, అదే బీకరు, అదే వేగం, బీడ్ మాత్రం తీసేశాను. కింద మోటారు తిరుగుతోంది, పైన నీళ్లు కదలడం లేదు. గంట తర్వాత చూస్తే మళ్లీ అదే రెండు డిగ్రీలు. అంటే నీళ్లని వేడెక్కించింది కలపడం కాదు, మోటారు వేడి ప్లేటు గుండా పైకి రావడం. నా థర్మామీటరు డిగ్రీలో పదో వంతు దాకా చూపిస్తుంది, కలపడం వల్ల వచ్చిన తేడా అందులో దొరకనే లేదు. మిక్సీ లాంటి వాటిలో లెక్క వేరు, అక్కడ వందల వాట్ల మోటారు, చిన్న జార్, ఐదారు నిమిషాలు ఆపకుండా తిప్పితే గోరువెచ్చగా అయిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఉధృతంగా కలిపేటప్పుడు వేగం రెండింతలు చేస్తే కావాల్సిన శక్తి ఎనిమిదింతలు అవుతుంది, వేడి కూడా దాని వెంటే. స్టిరర్‌లో ఆ స్థాయికి ఎప్పుడూ వెళ్లం.

దీనివల్ల వచ్చే నష్టం ఏమిటంటే, కరిగేటప్పుడు పుట్టే వేడినో చల్లదనాన్నో కొలవాలనుకుంటే ఈ మెషిన్ ఫలితాన్ని పాడుచేస్తుంది. పొటాషియం క్లోరైడ్ నీళ్లలో వేస్తే చల్లబడుతుంది, యూరియా కూడా అంతే, కాస్టిక్ సోడా వేస్తే బీకరు పట్టుకోలేనంతగా కాలుతుంది (దాన్ని కొంచెం కొంచెంగా, కలుపుతూనే వేయాలి, మొత్తం ఒకేసారి గుమ్మరిస్తే అడుగున గడ్డకట్టి అక్కడే ఉడుకుతుంది, చుక్కలు ఎగిరి కంట్లో పడతాయి, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు). ఇలాంటి కొలతలకి నేను ప్లేటుకీ బీకరుకీ మధ్య థర్మోకోల్ ముక్క పెడుతున్నాను, హీటర్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మాత్రమే. బీడ్ ఇంకా బాగానే తిరుగుతుంది, మోటారు వేడి పైకి రాదు.

రెండో కంప్లయింట్ ఇంకా పెద్దది. డిస్‌ప్లే మీద కనిపించే ఉష్ణోగ్రత ప్లేటుది, ద్రవానిది కాదు. మాన్యువల్‌లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది గానీ కొత్తగా వాడేవాళ్లు ఎవరూ గమనించరు. 100 అని పెట్టాను, డిస్‌ప్లే 100 చూపించింది, మూతలేని బీకరులో నీళ్లు 68 దగ్గర ఆగిపోయాయి. మీద గాజుపలక మూత పెడితే 79 దాకా వచ్చాయి. ఆవిరి ఎంత వేడిని పట్టుకుపోతుందో ఈ ఒక్క తేడాలోనే తెలుస్తుంది. ఇంకా ఏమిటంటే 60 పెట్టినప్పుడు ప్లేటు సరాసరి 74కి వెళ్లి, ఆ తర్వాత మెల్లగా దిగొచ్చింది. వేడికి పాడయ్యే పదార్థమేదైనా అందులో ఉండుంటే అంతే సంగతులు. ద్రవంలోకి దించే ప్రోబ్ పెట్టుకునే సాకెట్ ఉన్న మోడళ్లు ఉన్నాయి, అవి ద్రవం ఉష్ణోగ్రత చూసి హీటర్‌ని నడుపుతాయి. వేడి మీకు ముఖ్యమైతే అదే తీసుకోండి, నాలా ఆలోచించి మానుకోకండి.

మూడోది భద్రత. హీటర్ ఆపగానే లైటు కూడా ఆరిపోతుంది, ప్లేటు మాత్రం అరగంటైనా కాలుతూనే ఉంటుంది, చూస్తే ఏమీ తెలియదు. పిల్లలు తిరిగేచోట ఇది సహించకూడని లోపం. కంపెనీకి రాశాను, తర్వాతి మోడల్‌లో చూస్తామని ఒక లైను జవాబు వచ్చింది. నేను "వేడి" అని ఎర్ర అక్షరాలతో రాసిన అట్ట ఒకటి చేసి పక్కన నిలబెడుతున్నాను. ఈ ఒక్క కారణానికే ఒక స్టార్ తగ్గించాను.

ఇంత చెప్పినా, వేడినీ కలపడాన్నీ కలిపి చూస్తే ఈ మెషిన్ నాకు నేర్పినది చాలా ఉంది. ఉత్త నీళ్లని కింద నుంచి వేడి చేస్తే కలపకపోయినా పెద్ద ఇబ్బంది లేదు, కింద వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతట అవే పైకి వస్తాయి, పైనా కిందా ఉష్ణోగ్రతలో తేడా కొద్దిగానే ఉంటుంది. కానీ అడుగున కరగని ఉప్పు పోసి, కలపకుండా వేడి చేసి చూడండి. నేను రెండు థర్మామీటర్లు పెట్టాను, ఒకటి అడుక్కి దగ్గరగా, ఒకటి పైన. కింద ఉన్నది ఎక్కడికో వెళ్లిపోయింది, పైన ఉన్నది చాలాసేపు వెనకబడే ఉంది. ఎందుకంటే అడుగున నీళ్లు వేడెక్కినా ఉప్పుతో బరువెక్కి ఉన్నాయి, పైకి లేవలేవు. సూర్యరశ్మితో వేడిని నిలవచేసే ఉప్పు చెరువులు ఉంటాయి కదా, వాటి అడుగున నీళ్లు 80 డిగ్రీలు దాటినా పైన మామూలుగా ఉండేది సరిగ్గా ఇదే కారణంతో. బీకరులో అలా ఉన్నప్పుడు ఉన్నట్టుండి బీడ్‌ని జోరుగా తిప్పకూడదు, కింద ఉన్న వేడంతా ఒక్కసారి పైకి వచ్చి చిమ్ముతుంది. మొదటినుంచీ 200 మీద తిరుగుతూ ఉండనిస్తే ఆ సమస్యే రాదు. మరిగేటప్పుడు కూడా అంతే, తిరుగుతున్న నీళ్లు చిన్నచిన్న బుడగలతో నెమ్మదిగా మరుగుతాయి, కదలని నీళ్లు ఒక్కోసారి మరుగు దాటినా ఊరుకుని ఉండి, కదిలించగానే ఒక్కసారి పైకి తన్నుతాయి.

చిక్కటి ద్రవాలకి ఈ మెషిన్ పనికిరాదు అని రాసినవాళ్లతో నేను సగమే ఒప్పుకుంటాను. గ్లిజరిన్ 20 డిగ్రీల దగ్గర నీళ్లకన్నా సుమారు 1,400 రెట్లు చిక్కన. అందులో బీడ్ వేసి 150 పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి, పట్టుతప్పి ఒక మూలకి పోయి వణకడం మొదలుపెట్టింది. అయితే అదే గ్లిజరిన్ 60 డిగ్రీలకి వచ్చేసరికి చిక్కదనం పదిహేను రెట్లకు పైగా తగ్గిపోతుంది, అప్పుడు 250 మీద హాయిగా తిరిగింది. కాబట్టి ముందు వేడి, తర్వాత తిప్పడం. కానీ ప్లేటుని తక్కువ మీదే ఉంచి ఓపిక పట్టాలి, చిక్కటి ద్రవంలో వేడి పైకి పాకడం నెమ్మది, కింద మాడుతుంది, పైన చల్లగా ఉంటుంది. మధ్యమధ్యలో చేత్తో గాజు కడ్డీతో కదపక తప్పదు. తేనె కన్నా చిక్కటివి ఏమైనా కలపాలంటే పైనుంచి కడ్డీ దిగి తిప్పే మోటారు స్టిరర్ కొనుక్కోండి, దీనితో కుస్తీ పట్టొద్దు.

కలపకుండా ఉండాల్సిన పని కూడా ఒకటి ఉంది, అది చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. పటిక వేడినీళ్లలో బాగా కరిగించి, రెండు బీకర్లలో సమానంగా పోసి, ఒకటి స్టిరర్ మీద తిరుగుతూ చల్లారేలా, ఇంకొకటి కదలకుండా ఒక మూల గుడ్డ కప్పి ఉంచాను. తిరిగినదాంట్లో పిండిలాంటి సన్నటి రవ్వ అడుగంతా చేరింది. కదలనిదాంట్లో మూడోరోజుకి బొటనవేలి గోరంత స్ఫటికాలు, అంచులు పదునుగా, అద్దంలా మెరుస్తూ. బరువు తూచితే రెండింట్లో దాదాపు సమానమే వచ్చింది. పదార్థం అదే, బరువు అదే, రూపం మాత్రం వేరు. తిప్పితే ఒకేసారి వేల చోట్ల స్ఫటికాలు మొదలవుతాయి, ఒక్కోదానికి దక్కేది కాస్తే.

వాయువుల గురించి క్లుప్తంగా. గ్యాసు కరిగిన నీళ్లని తిప్పితే గ్యాసు త్వరగా పోతుంది, గ్యాసు లేని నీళ్లని గాలి తగిలేలా తిప్పితే ఆక్సిజన్ త్వరగా చేరుతుంది. రెండువైపులా వేగమే పెరుగుతుంది, హద్దు మారదు, ఉప్పు విషయంలో చూసినట్టే. వేడి పెరిగితే మాత్రం వాయువులు తక్కువ కరుగుతాయి, ఇది ఘనపదార్థాలకి అలవాటుపడ్డవాళ్లకి కాస్త తికమకగా ఉంటుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 40 డిగ్రీలకి అది ఆరున్నర దాకా పడిపోతుంది.

ఒక మాట, ద్రవంలోంచి గాలిబుడగలు పోవడాన్ని చెవితో వినొచ్చు, దీనికి స్టిరర్ కూడా అక్కర్లేదు. వేడినీళ్లలో పొడి ఏదైనా వేసి చెంచాతో కలిపి, వెంటనే ఆ చెంచాతోనే కప్పు అడుగున టక్ టక్ అని కొడుతూ ఉండండి. శబ్దం మొదట మందంగా ఉండి, క్రమంగా సన్నబడుతూ పైకి వెళుతుంది. పొడితో పాటు లోపలికి వెళ్లిన సన్నటి గాలిబుడగల వల్ల ఆ ద్రవంలో ధ్వని వేగం తగ్గుతుంది, బుడగలు పోయేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే భౌతికశాస్త్రవేత్త 1982లో దీనిమీద పరిశోధనా పత్రమే రాశారు. స్టిరర్‌ని 1,200 మీద తిప్పి ఆపాక బీకరు అంచు మీద పెన్సిల్‌తో కొట్టినా ఇలాగే వినిపించింది, నురగ ఎంతసేపట్లో తగ్గుతోందో నేను ఇప్పుడు చెవితోనే చెప్పగలుగుతున్నాను.

కొనేవాళ్లకి ఇంకొన్ని. బీకరు బోరోసిలికేట్ గాజుదే వాడండి, మామూలు గాజుతో పోలిస్తే వేడికి అది సాగేది దాదాపు మూడోవంతే, అందుకే తేలిగ్గా పగలదు. అడుగు చదునుగా ఉండాలి, మధ్యలో పైకి ఉబ్బిన సీసాల్లో బీడ్ పక్కకి జారిపోతుంది. వేగం ఎప్పుడూ సున్నా నుంచి మెల్లగా పెంచండి, ఒకేసారి 800 పెడితే బీడ్ అందుకోలేక గెంతుతుంది, పలచటి గాజైతే చిట్లుతుంది కూడా. బీడ్ గెంతితే వేగం పూర్తిగా తగ్గించి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం, అలాగే వదిలేస్తే అదే సర్దుకుంటుందని చూడొద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి, లోపల ఉన్నది గట్టి అయస్కాంతం. స్పిరిట్ లాంటి మండే ద్రవాలు ఈ ప్లేటు మీద వేడి చేయడం అసలు వద్దు.

బీడ్‌లు రెండు సైజులు వచ్చాయి, చిన్నది ఇప్పటికే రెండుసార్లు సింకులో జారిపోయింది, రెండుసార్లూ జాలీ దగ్గర దొరికింది. అందుకని చివర అయస్కాంతం ఉన్న పొడుగాటి కడ్డీ ఒకటి విడిగా కొన్నాను. ద్రావణం పారబోసేముందు దాన్ని బీకరులో దించి బీడ్‌ని పైకి తీస్తున్నాను. ఇది మెషిన్‌తో పాటే ఇచ్చి ఉండాల్సింది, మీరు ఆర్డర్ పెట్టేటప్పుడే ఇది కూడా వేసుకోండి.